అమ్మకు రాని భాషలో

జూలై 6

అన్నయ్యకు,

నువ్వు ప్రతి ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాస్తావు కదా, దానర్థం ఏమిటని అమ్మను అడిగాను. "అందరూ బాగున్నారని. నోరు మూసుకుని మిగతాది చదువు" అంది. బాగుండకపోయినా అలాగే రాస్తారా? నేను రాయను. ఇక్కడ అమ్మకు మోకాళ్ళ నొప్పి. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగువాళ్ళ బల్లలు తీసేసి, పని మొత్తం నిలబడే చెయ్యమంటున్నారట. నాకేమో ఇంగ్లీషు నొప్పి.

పాత మాస్టారు హాయి. జవాబులు బోర్డు మీద రాసేవారు, మేం నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాళ్ళం, పరీక్షలో దించేవాళ్ళం. ఈ ఏడు ఆయన బదిలీ అయిపోయి ఒక టీచరుగారు వచ్చారు. ఆవిడ బోర్డు జోలికే పోరు. పాఠం పైకి చదివి, "ఆ మనిషి అలా ఎందుకు చేశాడు?" అని అడిగి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడతారు. మేం బల్లల కింద ఏదో పోగొట్టుకున్నట్టు వెతుక్కుంటాం. ఇది కాక వారానికో కాంపోజిషన్. శుక్రవారాలు లేచి నిలబడి మూడు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. తెలుగులో అయితే నాకు మూడు గంటలు చాలవని నీకు తెలుసు. ఇంగ్లీషులో మూడో వాక్యానికే నాలుక పిడచగట్టుకుపోతోంది.

మొదటి కాంపోజిషన్ ‘నాకు బాగా తెలిసిన ఒక పని’. నేను గైడులోంచి వ్యవసాయం మీద రెండు పేజీలు ఎత్తి రాశాను. ఆవిడ కింద ఎర్రసిరాతో, "నువ్వెప్పుడైనా నాగలి ముట్టుకున్నావా?" అని రాశారు. అంతే, మార్కులు కూడా లేవు. మళ్ళీ రాయాలి.

నాకు తెలిసిన పనేముంది, తినడం తప్ప? అందుకని నువ్వు నీ లేతు మిషను గురించి నాకో ఉత్తరం రాయి. నాకు చెబుతున్నట్టే తెలుగులో రాయి, ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటాను. తొందరగా.

నీ వాగుడుకాయ

జూలై 15

వాగుడుకాయకు,

ఉభయకుశలోపరి. నువ్వు వద్దన్నావని మానేస్తానా? అమ్మను మోకాళ్ళకు వేడి కాపడం పెట్టుకోమను. రెండు గంటలకోసారి ఐదు నిమిషాలైనా కూర్చోనివ్వమని సూపర్‌వైజరును అడగమను. అడగదు, తెలుసు. అయినా చెప్పు.

లేతు గురించి ఏం రాయను? ఇనప కడ్డీని మిషనులో బిగిస్తాం. అది గిరగిర తిరుగుతుంటే ఉలి లాంటి పనిముట్టు ఆనించి మనకు కావలసినంత చెక్కుతాం. గరుగ్గా ఉన్నది కాస్తా నున్నటి ఇరుసవుతుంది. పనంతా అంతే. కానీ చేరిన మొదటి ఏడాది మా మేస్త్రి నన్ను మిషను ముట్టుకోనివ్వలేదు. "ముందు వినరా" అనేవాడు. పనిముట్టు పదునుగా ఉంటే మిషను పిల్లిలా గుర్రుమంటుంది. మొండిబారితే పంటి మీద గోరు గీసినట్టు కీచుమంటుంది. ఇప్పుడు నేను అవతలి గదిలో టీ తాగుతూ కూడా ఎవడి మిషను ఏడుస్తోందో చెప్పగలను.

ఇనప పొట్టు సుడులు సుడులుగా, నీలంగా, పొగలు కక్కుతూ ఊడి పడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒక్కసారి ముట్టుకుంటాడు. నేనూ ముట్టుకున్నాను. "ఇక నీకు పని వచ్చినట్టే" అన్నాడు మేస్త్రి. సాయంత్రం సబ్బుతో ఎంత తోమినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత పోదు. పెళ్ళిచూపులకు చేతులు జేబులో పెట్టుకుని వెళ్ళాలని మా గదిలోవాళ్ళ సలహా.

ఇది పనికొస్తుందా? నాకూ ఇంగ్లీషుకూ ఆమడ దూరం కదా, నీ టీచరుగారికి నచ్చకపోతే తప్పు నాదని చెప్పు.

అన్నయ్య

ఆగస్టు 2

అన్నయ్యకు,

పనికొచ్చిందా అని అడుగుతున్నావా! నువ్వు రాసినదంతా డిక్షనరీ ముందేసుకుని రెండు రోజులు కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. పిల్లీ, పంటి మీద గోరూ, నల్లటి గీతా అన్నీ. టీచరుగారు దాన్ని క్లాసులో నిలబడి పైకి చదివారు. వెనక బెంచీవాళ్ళు కూడా గోల చెయ్యలేదు. చదివాక కాగితం మడిచి, "ఈ చెయ్యి రాయగలదు" అన్నారు. అచ్చంగా ఆ మాటే. నాకు ఒళ్ళు ఝల్లుమంది. బడి పత్రికలో వేస్తారట.

ఇప్పుడింకో గండం. సెప్టెంబరులో బడులన్నిటికీ కలిపి ఇంగ్లీషు వక్తృత్వ పోటీ. మా బడి నుంచి ఒక్కరే. టీచరుగారు నన్ను పంపుతామన్నారు. విషయం ‘నేను మరచిపోలేని రోజు’. నాకు అలాంటి రోజే లేదన్నయ్యా. వెతికి వెతికి కుక్క తరిమిన రోజు ఒకటి దొరికింది. అది చెబితే టీచరుగారు నవ్వి, "లోపల బరువున్న రోజు కావాలి" అన్నారు. నాన్న పోయిన రోజు చెబుదామంటే అప్పుడు నేను ఇంట్లోనే లేను. పక్కింటావిడ కుట్టుమిషను పెడల్ తొక్కుతూ ఆడుకుంటుంటే ఎవరో వచ్చి తీసుకెళ్ళారు, అంతే. నీకేమైనా గుర్తుందా? నా గురించైనా సరే.

నీ వాగుడుకాయ

ఆగస్టు 13

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ‘ఈ చెయ్యి రాయగలదు.’ మేస్త్రికి కూడా చెప్పాను. ఆయన నా చెయ్యి తిప్పి చూసి, "ముందు గోళ్ళు కడుక్కో" అన్నాడు. నవ్వాడు కానీ ఆయనకూ సంతోషమే. నేను రాసినదాన్ని ముక్కూమొహం తెలియని టీచరుగారు అందరిముందూ చదవడమేమిటి! పత్రిక వచ్చాక ఒకటి పంపు. నా పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో చూసుకుంటాను.

ఇంకో మాట. ఎవరితోనూ అనకు. వచ్చే మార్చిలో పదో తరగతి ఇంగ్లీషు ప్రైవేటుగా కడదామనుకుంటున్నాను. ఆ ఒక్కటే కదా పోయింది. నా తప్పులు దిద్దడానికి టీచరుగారు ఒప్పుకుంటారేమో కనుక్కో.

ఆ ఇంగ్లీషు పరీక్ష ఎందుకు పోయిందో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు నాన్న పోయిన రోజు అడిగావు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. ఇది టీచరుగారికి కాదు. అమ్మకు అసలే కాదు. ఇది నీకే. చదివి చింపెయ్యి.

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ డ్యూటీలో ఉంది. నువ్వు పక్కింట్లో ఉన్నావు. ఎల్లుండి ఇంగ్లీషు పరీక్ష. నాన్న ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. నేను వెనక వసారా మెట్టు మీద కూర్చుని పది లైన్ల జవాబు బట్టీపడుతున్నాను. పొద్దుటినుంచీ నాన్న పిలుస్తూనే ఉన్నాడు. నీళ్ళు, దిండు, ఫ్యాను, మళ్ళీ నీళ్ళు. మూడు నెలలుగా అదే. "పెద్దోడా" అన్నాడు. "ఆఁ, వస్తున్నా" అన్నాను. కదల్లేదు. కాసేపటికి, "తలుపు కాస్త దగ్గరగా వెయ్యరా, ఎండ కళ్ళలో పడుతోంది" అన్నాడు. "వస్తున్నా నాన్నా" అన్నాను. మూడోసారి పిలవలేదు. అమ్మయ్య, నిద్రపోయాడనుకున్నాను. చెల్లీ, నిజంగా అలాగే అనుకున్నాను, అమ్మయ్య అని. జవాబు పూర్తిచేసి, చూడకుండా రెండుసార్లు అప్పజెప్పుకుని, అప్పుడు లేచి వెళ్ళాను.

కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహం నిండా ఎండ. నేను ముందు తలుపు వేశాను.

అమ్మ వచ్చాక, నోట్సు కోసం స్నేహితుడింటికి వెళ్ళాననీ, వచ్చేసరికి నాన్న నిద్రలోనే పోయాడనీ చెప్పాను. నువ్వు పెరట్లో ఆడుకుంటున్నావని అమ్మ అనుకుంది. నేను కాదనలేదు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. తెల్లకాగితం ఇచ్చి వచ్చేశాను. తండ్రి పోయిన దుఃఖమని అందరూ జాలిపడ్డారు.

ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఇవాళ అన్నం సహించింది.

అన్నయ్య

సెప్టెంబరు 9

అన్నయ్యా,

కప్పు మనకే! నా మోచేతంత ఎత్తుంది. పదకొండు బడులు, పదకొండుమంది. నేను చెప్పడం అయిపోయాక హాల్లో కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓడిపోయాననుకున్నాను. తర్వాత ఒక్కసారిగా కొట్టారు. జడ్జీల్లో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నువ్వు ముందు కోప్పడతావు, తెలుసు. పూర్తిగా చదివి కోప్పడు. నువ్వు రాసిన రోజునే చెప్పాను. కానీ నీ పేరు ఎక్కడా రాలేదు. అన్న అనే మాటే రాలేదు. అంతా ‘నేను’ అనే చెప్పాను. నేను మెట్టు మీద కూర్చున్నాను, నేను వస్తున్నా అన్నాను, నేను తలుపు వేశాను. నీ గుట్టు భద్రంగానే ఉంది. ఉత్తరం కూడా అదే రోజు చింపేశాను, ఒట్టు. చింపేముందు నాలుగుసార్లు చదివేసరికి కంఠతా వచ్చేసింది, దానికి నేనేం చెయ్యను? వేరే ఏది మొదలుపెట్టినా కుక్క తరిమినట్టే ఉంది.

అమ్మ సెలవు పెట్టి వచ్చింది. ముందు వరసలో కూర్చోబెట్టారు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అమ్మే. పక్కావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంటే చూసి అమ్మ కూడా ఒత్తుకుంది. "నువ్వేదో మంచి మాట చెప్పి ఉంటావే" అంది దారిలో. నాన్న గురించి చెప్పానన్నాను. "నిద్రలో పోయిన అదృష్టవంతుడని చెప్పావా?" అంది. ఏదో అన్నాను.

పత్రిక కూడా వచ్చింది, పంపుతున్నాను. లేతు వ్యాసం ఏడో పేజీలో ఉంది. కింద నా పేరు వేశారు. కాంపోజిషన్ నా నోటుబుక్కులోది కదా, అందుకని.

ఇంగ్లీషు నాది, మాటలు నీవి. సగం కప్పు నీదే అన్నయ్యా.

నీ వాగుడుకాయ

సెప్టెంబరు 13

అన్నయ్యా,

ఇది నీకు చేరేలోగా నువ్వు నాకు రాసే ఉంటావు. ఏం రాసినా సరే, ముందు ఇది చదువు.

నిన్న సాయంత్రం బస్టాపులో టీచరుగారు అమ్మను చూసి పలకరించారట. "అమ్మా, ఎంత ధైర్యం మీ అమ్మాయికి! తండ్రి పిలుస్తుంటే వెళ్ళలేదని అంతమంది ముందు ఒప్పుకోవడం పెద్దవాళ్ళకే చేతకాదు" అన్నారట. అమ్మకు అర్థం కాలేదు. ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా మొదటినుంచి చివరిదాకా తెలుగులో చెప్పించుకుంది. రెండు బస్సులు వెళ్ళిపోయాయట.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు. "ఆయన మెలకువగా ఉన్నాడా?" అంది. అదే మొదటి మాట.

చేతిలో పుస్తకం మూసేశాను.

"తలుపు వెయ్యమన్నాడా?"

"ఊఁ."

"నువ్వు విన్నావా?"

అన్నయ్యా, ఒక్క మాట చాలు. నేను కాదు, అన్నయ్య, అంటే అయిపోయేది. కానీ నువ్వు ‘ఇది నీకే’ అని రాశావు. ఒకసారి ఎలాగూ తప్పాను. రెండోసారి తప్పలేకపోయాను. "విన్నాను" అన్నాను.

అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. కాళ్ళు కడుక్కుని వంట చేసింది. నా కంచంలో వడ్డించి, తను అవతలికెళ్ళి కూర్చుంది. అప్పటినుంచీ నాతో మాట్లాడలేదు.

నువ్వే రా. లేదా రాయి. నా అంతట నేను చెప్పను. నువ్వు చెప్పాలి.

చెల్లి

సెప్టెంబరు 14

నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం, పత్రిక అందాయి.

ఏడో పేజీ చూశాను. నాకు ఇంగ్లీషు రాకపోయినా నీ పేరు చదవడం వచ్చు. నా మిషను, నా మేస్త్రి, నా కాలిన చెయ్యి, కింద నువ్వు. ‘ఈ చెయ్యి రాయగలదు’ అన్నది నీ చేతినా? నెల రోజులు నేను ఆ మాటను జేబులో పెట్టుకు తిరిగాను. నవ్వుకుని ఉంటావు.

అది పోనీ. ఇనుము గురించే కదా. రెండోది ఎలా చేశావు? చింపెయ్యమంటే చింపావట, కంఠతా పట్టి చింపావట! ఆరేళ్ళు కడుపులో దాచుకున్నది, తోడబుట్టినదానివి కదా అని నీ చేతిలో పెట్టాను. కంచే చేను మేసింది. నా గుట్టు భద్రంగా ఉందంటున్నావు. అది నా గుట్టు కాదు, నా తప్పు. నువ్వు దాన్ని కూడా వదల్లేదు. నేను చేసిన ఒకే ఒక పాడు పనిని నీదిగా చెప్పుకుని కప్పు తెచ్చుకున్నావు.

అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టావు. తన మొగుడు ఎలా పోయాడో తనకు రాని భాషలో చెబుతుంటే ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆవిడకు ఇంగ్లీషు రాకపోవడం నీకు ఎంత కలిసొచ్చింది!

సగం కప్పు నాకేం వద్దు. ఇక నీకు నేను ఏమీ రాయను.

అక్టోబరు 6

అన్నయ్యకు,

నువ్వు తిట్టినదాంట్లో నేను కాదనేది ఏదీ లేదు. తిట్టావని ఏడ్చాను, నిజమేనని ఇంకా ఏడ్చాను. ఆ సంగతి రాయడానికి కూర్చోలేదు.

నా పదమూడో తారీఖు ఉత్తరం నీకు చేరింది. చేరిందని నాకెలా తెలుసంటే, నాకు జవాబు రాయకుండా అమ్మకు రాశావు కాబట్టి.

అమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి కవరు గడప దగ్గర ఉంది. నీ ఉత్తరాలు ఎప్పుడూ చదివేది నేనే కదా. మూడు వారాలుగా నాతో మాట్లాడని మనిషి, కవరు తెచ్చి నా ముందు పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. నువ్వు నిజం రాశావనుకున్నాను. దేవుడా, ఇవాళతో అయిపోయిందనుకున్నాను. సంతోషంగా చింపాను.

నువ్వు ఇలా రాశావు. నీకు గుర్తుండకపోవచ్చు, నాకు కంఠతా వచ్చు. నాకది అలవాటే కదా.

‘అమ్మా, జరిగిందేదో జరిగింది. అది చిన్నపిల్ల. అప్పటికి దానికి పదేళ్ళు. నాన్న ఎందుకు పిలుస్తున్నాడో తెలిసే వయసు కాదు. ఆ రోజు నేను ఇంట్లో ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు. నా మొహం చూసి దాన్ని క్షమించు.’

నా నోటితో చదివాను అన్నయ్యా. ‘ఆ రోజు నేను ఇంట్లో ఉండి ఉంటే’ అని నా గొంతుతో పైకి చదివాను. మధ్యలో ఆగాను. "ఆగావేం?" అంది అమ్మ. చదివాను. చివరిదాకా చదివాను. టీచరుగారు నేర్పినట్టు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, తడబడకుండా చదివాను.

అంతా విని అమ్మ, "వాడు బంగారం" అంది. మూడు వారాల తర్వాత నేను విన్న మొదటి మాట అది.

నేను నీ మాటలు దొంగిలించాను. తప్పే. కానీ ఆ తప్పును అమ్మ అడిగినప్పుడు నేను నెత్తిన పెట్టుకున్నది కప్పు కోసం కాదు, నీకోసం. నువ్వు వచ్చి దించుతావని మోశాను. నువ్వు దాన్ని నా నెత్తినే బిగించి కట్టి, పైనుంచి క్షమాపణ కూడా ఇప్పించావు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా ఇంత బాధపడేదాన్ని కాదు.

నేను అమ్మకు చెప్పను. చెబితే నమ్మదు కూడా. నువ్వు బంగారానివి కదా.

అక్టోబరు 29

చెల్లికి,

అమ్మ ఆదివారం ఇక్కడికి వచ్చింది. నీకు ఏం చెప్పి బయల్దేరిందో నాకు తెలియదు. పొద్దున్న పదింటికి మా వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి ఉంది. మూడు బస్సులు మారి వచ్చింది. నాకు ఒక డబ్బా నిండా విరిగిన బిస్కెట్లు తెచ్చింది.

మేస్త్రి స్టూలు వేశాడు. ఆయనతో, "నా కొడుకు మనసు వెన్న. చెల్లెలు అంత పని చేసినా క్షమించమని రాశాడు. నావల్ల కావడం లేదు. ఎలా క్షమించాలో వీణ్ణే అడుగుదామని వచ్చాను" అంది. అలా అని నా వైపు చూసింది. మిషను తిరుగుతూనే ఉంది. ఆపేశాను.

బయటికి తీసుకెళ్ళి, పాత ఇనుము పోగేసే చోట కూర్చోబెట్టి చెప్పాను. నీకు రాసినంత చక్కగా చెప్పలేకపోయాను. "అమ్మా, ఇంట్లో ఉన్నది నేను" అన్నాను. అది చెప్పాక మిగతాదంతా అదే వచ్చింది.

అమ్మ కాళ్ళ దగ్గర పడి ఉన్న ఇనప ముక్కను పక్కకు నెట్టింది. తర్వాత, "ఏమని పిలిచాడు?" అంది.

"పెద్దోడా అని."

"నన్ను అడిగాడా?"

"లేదమ్మా."

"ఆరేళ్ళు అందరికీ చెప్పాను. నిద్రలో పోయాడు, బాధపడలేదు అని. రేషను షాపులో కూడా చెప్పాను. నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది. ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈసారి ఇది నువ్వు ఎవరికైనా చెప్పుకోవచ్చు.

"పదహారేళ్ళప్పుడు చేసింది పిల్లతనం. పిలిచి పిలిచి విసిగించాడు, నువ్వు లేవలేదు. అలాంటివి నేనూ చేశాను ఆయనకు. అది నేను అప్పుడే మర్చిపోయేదాన్ని, చెప్పి ఉంటే. నీ చెల్లెలు స్టేజి ఎక్కి వాగింది, దానిదీ పదహారేళ్ళ బుద్ధే. కానీ మొన్న నువ్వు ఉత్తరం రాశావే, అది పిల్లతనం కాదురా. కూర్చుని, ఆలోచించి, కవరుకు జిగురు పెట్టి రాశావు. నెలన్నర నేను ఆ పిల్లకు పరాయిదానికి పెట్టినట్టు అన్నం పెట్టాను."

అన్నం తినమన్నాను. తినలేదు. బస్సు ఎక్కించాను. కిటికీ దగ్గర కూర్చుంది కానీ ఇటు చూడలేదు.

నీకు సంజాయిషీ ఇవ్వాలని కూర్చుని మూడు కాగితాలు చింపాను. నిజం ఇది. నీ ఉత్తరం వచ్చిన రోజు, అమ్మ నువ్వే అనుకుందని చదివి, నాకు అమ్మయ్య అనిపించింది. ఆ రోజు మెట్టు మీద అనిపించినట్టే. నీమీద కోపం కూడా పనికొచ్చింది. ‘చెప్పుకుంది కదా, అనుభవించనీ’ అనుకున్నాను. అలా అనుకునే ఆ ఉత్తరం రాశాను.

నా పని నువ్వు పేరు మార్చి వేసుకున్నందుకు నీమీద కోపం పోలేదు. అబద్ధం ఎందుకు? పోలేదు. అయినా నేను చేసింది దానికి చెల్లు కాదు.

అన్నయ్య

నవంబరు 7

అన్నయ్యకు,

అమ్మ ఆ ఆదివారం రాత్రే తిరిగొచ్చింది కానీ ఏమీ చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా ఎక్కడికెళ్ళిందో నాకు తెలియదు. కానీ మర్నాడు పొద్దున్న నా జడ తనే వేసింది. చిక్కు తీస్తూ గట్టిగా లాగింది. నేను నొప్పి అనలేదు.

టీచరుగారికి చెప్పేశాను. లేతు వ్యాసం మాటలు నీవని, ఆ రోజు కూడా నీదని. ఆవిడ అరుస్తారనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, "నేను ఇన్నాళ్ళూ ఎవరి గొంతు దిద్దుతున్నాను?" అన్నారు. కప్పు ఆఫీసు గదిలో ఇచ్చి రమ్మన్నారు. ఇచ్చాను. ఇప్పుడు క్లాసులో నన్నేమీ అడగరు. పాఠం చదివి ఎందుకు చేశాడని అడిగినప్పుడు నేను చెయ్యెత్తినా పక్కవాళ్ళను లేపుతారు. నువ్వు మార్చిలో పరీక్ష కడతావని చెబితే, రాసినవి నేరుగా బడి చిరునామాకు తనకే పంపమన్నారు. నా ద్వారా వద్దన్నారు.

ఇక అమ్మ సంగతి. మొన్న సెలవు. మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ, "ఆ రోజు స్టేజి మీద చెప్పింది నాకు చెప్పు" అంది. టీచరుగారు చెప్పారు కదమ్మా అన్నాను. "ఆవిడ చెప్పింది. నువ్వు చెప్పలేదు. తెలుగులో చెప్పు" అంది.

లేచి నిలబడ్డాను. నా ఇంగ్లీషు ప్రసంగం, ‘ప్రతి ఇంటికీ ఒక తలుపు ఉంటుంది’ అని మొదలవుతుంది. టీచరుగారు మెచ్చుకున్న వాక్యం. అది తెలుగులో చెప్పగానే అమ్మ, "తలుపు లేకుండా ఇల్లెక్కడైనా ఉంటుందా? అసలు సంగతి చెప్పు" అంది. ఆ వాక్యం వదిలేశాను. దాని తర్వాతదీ వదిలేశాను. అలా వదిలేస్తూ పోతే చివరికి మిగిలింది నువ్వు ఆగస్టులో రాసినంతే.

"నాన్న పిలిచాడు. నేను వస్తున్నా అన్నాను" అన్నాను.

అమ్మ చేతిలో దుప్పటి ఆగింది. "నేను అనకు. నువ్వు కాదుగా. అన్నయ్య అను. మొదటినుంచి చెప్పు" అంది.

మొదటినుంచి చెప్పాను. నాన్న పిలిచాడు. అన్నయ్య వస్తున్నా అన్నాడు. అన్నయ్య వెళ్ళలేదు. అమ్మ ఒక్కచోట కూడా ఏడవలేదు. అయిపోయాక దుప్పటి రెండో కొస నాకిచ్చి పట్టుకోమంది. ఇద్దరం మడతపెట్టాం.

నీ గురించి ఏమీ అనలేదు. నీకు రాయమనలేదు, వద్దనీ అనలేదు. నువ్వు వస్తే గుమ్మం దాటనిస్తుందో లేదో నేను చెప్పలేను. నీకు కోపం పోలేదని రాశావు. నాకూ పోలేదు. రాత్రి చదువుకునేటప్పుడు ఆ ఉత్తరం నా గొంతుతోనే వినిపిస్తుంది.

కానీ అన్నయ్యా, చివరికి అమ్మకు చెప్పింది మూడే మూడు మాటలు. అమ్మకు వచ్చిన భాషే. చెప్పడానికి అర నిమిషం పట్టలేదు. నువ్వు ఆరేళ్ళూ, నేను డిక్షనరీ ముందేసుకుని నెలా తిరిగాం.

చెల్లి